భువనవిజయం: కావ్యనామం, శిలావశేషం

మనుచరిత్ర అవతారిక కృష్ణదేవరాయల సభాభవనాన్ని భువనవిజయంగా పేర్కొన్నది. ఆ పేరును హంపీ రాజప్రాంగణంలోని నూరు స్తంభాల సభామండపానికి తగిలించాలన్న ఉత్సాహం తెలుగువారికి సహజం. అది న్యాయమా అన్నదే ప్రశ్న.

అక్కడ మిగిలినవి రాతి అధిష్ఠానం, వరుసకు పది చొప్పున పది వరుసల స్తంభపీఠాలు, మెట్లదారి. కలప స్తంభాలు, పైకప్పు నశించాయి. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ దేవరాయలను నలభై స్తంభాల మండపంలో చూశానన్నాడు. పారసీకంలో నలభై అంటే ‘అనేకం’ అన్న అర్థమూ ఉన్నది గనుక ఆ అంకె నిర్ణాయకం కాదు.

అభిమానంతో పెట్టిన పేరు ఎవరికీ హాని చేయదని వాదించవచ్చు. హాని ఉన్నది. కావ్యం పేరునిచ్చినదే గాని స్థలాన్ని నిర్దేశించలేదు. పేరు స్థిరపడిన మరుక్షణం ఆ దిమ్మె కవిత్వానికి సాక్షి మాత్రమే అవుతుంది. దానిని ఏ రాజు కట్టించాడు, అక్కడ తీర్పులు జరిగాయా, కలపను చెక్కిన వడ్రంగులెవరు అన్న ప్రశ్నలు అడిగేవారుండరు. కావ్యభవనానికి ఈ రాయి అవసరమూ లేదు. పైగా అష్టదిగ్గజాలు కొలువుతీరే విశాలమైన నడిమి చావడిని ఊహించేవారు, సమదూరంలో నాటిన ఆ నూరు పీఠాల మధ్య దానికి చోటెక్కడో ముందుగా చూపవలసి ఉంటుంది.