స్వభావము, స్థానము

వస్తువునకు గుణము తనలోనుండియే పుట్టునా, లేక తానున్న చోటునుబట్టి సంక్రమించునా అను ప్రశ్న మన దర్శనకారులను తరతరములుగా వదలలేదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము నాలుగు వర్ణముల కర్మలును స్వభావజన్యములైన గుణములనుబట్టి విభక్తములైనవని చెప్పుచున్నది. నాగార్జునాచార్యుడో, మూలమధ్యమకకారికలలో ఒక ప్రకరణమును స్వభావపరీక్షకే వినియోగించి, హేతుప్రత్యయములను ఆశ్రయించి పుట్టినదానికి స్వభావమనునది పొసగనే పొసగదని వాదించినాడు. రెండు మాటలును పెద్దలవే. ఒకదానిని త్రోసిపుచ్చు సాహసము నాకు చిరకాలము లేకపోయినది. ఆ సందిగ్ధములో నాకు కొంత దారి చూపినవి రేడియోలు బాగుచేయువారి బల్లపై చిల్లరగా పడియుండు ఒక రెసిస్టరును, వారు కండెన్సరని పిలుచు ఒక కెపాసిటరును.

గోధుమ, నలుపు, నారింజ రంగుల పట్టీలుగల 10,000 ఓముల రెసిస్టరును, 1,000 మైక్రోఫారడుల కెపాసిటరును ఒకదాని వెనుక నొకటిగా కలిపి, ఆ జంటకు 9 వోల్టుల బ్యాటరీని తగిలించి, రెండును కలిసిన ముడికిని బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ ముల్లుగల వోల్టుమీటరు నుంచితిని. రెసిస్టరు ధనధ్రువము వైపునను, కెపాసిటరు ఋణధ్రువము వైపునను ఉన్నప్పుడు, ముల్లు గంతువేయక సున్ననుండి నెమ్మదిగా బయలుదేరి, 10 సెకండ్లకు 5.7 వోల్టుల చెంతకు చేరి, ఆపైన పోనుపోను వేగము తగ్గించుకొనుచు, 9ని సమీపించుటకు దాదాపు ఒక నిమిషము తీసికొన్నది. పిమ్మట ఆ రెంటి స్థానములను తారుమారు చేసితిని. (అందులో నేను చేసిన పొరపాటొకటి కలదు, దానిని తరువాత చెప్పెదను.) అవే వస్తువులు, అదే బ్యాటరీ, అదే మీటరు. ఈసారి ముల్లు ఒక్క ఉదుటున 9ని తాకి, అక్కడ నిలువలేక దిగజారి, 10 సెకండ్లకు 3.3 వద్దను, నిమిషమునకు సున్న చెంతను ఉన్నది.

మొదటి అమరిక నిలకడను మాత్రమే నమ్మును. వచ్చిన మార్పు ఎంత తొందరపడినను తాను తొందరపడదు. రెండవది మార్పునకు మాత్రమే పలుకును, నిలిచిపోయినదానిని మరచిపోవును. పాత వాల్వు రేడియోలలో ఒక వాల్వునుండి మరియొకదానికి పాటను చేరవేయుటకు దారిలో ఒక కెపాసిటరు నుంచెడివారు. అది నిశ్చలమైన పెద్ద వోల్టేజిని ఆపి, కదలాడు నాదమును పోనిచ్చును. అటువంటి కెపాసిటరునే ఆ దారికిని భూమికిని నడుమ కలిపినచో, పాటలోని తారస్వరములను నేలపాలు చేసి మంద్రస్వరములను మిగుల్చును. టోను గుండీ త్రిప్పినప్పుడు గాయకుని గొంతు బొంగురుపోవుట వినినవారికి ఇది పరిచితమే. వేమన మొసలిని దృష్టాంతముగా చూపి స్థానబలమును బోధించినాడు. కాని నీట నున్న మొసలికిని గట్టెక్కిన మొసలికిని భేదము బలములోని హెచ్చుతగ్గులే. ఇక్కడ హెచ్చుతగ్గుల మాట లేదు, వృత్తియే తలక్రిందులగుచున్నది.

అయినచో నిజముగా మారినదేది? వలయములో పారు విద్యుత్తు రెండు అమరికలలోను ఒక్కటే. ఎవరు ముందో ఎవరు వెనుకో దానికి పట్టదు. ఏ క్షణమున చూచినను రెంటిపైని వోల్టులను కలిపిన 9 యే యగును. 1845లో కిర్కాఫ్ ప్రతిపాదించిన నియమమిది, 5.7కు 3.3 తోడై లెక్క సరిపోవుట మన ముల్లే చూపినది. మారినది మనము చూచు చోటు. ముడికిని ఋణధ్రువమునకును నడుమ ఎవరున్నారో వారి చర్యను చూచి, దానిని మొత్తము వలయపు స్వభావముగా చెప్పుకొంటిమి. ఒక బాలుని ఒక పాఠమునెదుట, ఒక బల్లపై, ఒక గంటసేపు చూచి మందబుద్ధియని పేరుపెట్టిన ఉపాధ్యాయులలో నేనును ఒకడను. ఆ పేరు వానితో ఎన్నేండ్లు నడిచినదో తలచుకొన్నప్పుడు నాకు నేటికిని మనసు కలుక్కుమనును.

ఇంతమాత్రమున నాగార్జునుడే గెలిచినాడనుట తొందరపాటగును. సొరుగులో పడియున్నను రెసిస్టరు 10,000 ఓములదే గదా, అది స్వభావము గాదా అని వైశేషికుడు అడుగును. ద్రవ్యమునందు గుణము సమవాయ సంబంధముచే నుండునని వాని సిద్ధాంతము. న్యాయమైన ప్రశ్నయే. కాని ఓము అనగా నేమి? ఒక ఆంపియరును పారించుటకు ఎన్ని వోల్టులు కావలెనను నిష్పత్తి. ఫారడు అనగా నేమి? ఒక వోల్టునకు ఎన్ని కూలుంబుల ఆవేశము నిలుచునను నిష్పత్తి. రెండును ఇతరముతోడి సంబంధములే. దేనినీ కలుపక, దేనినీ పారింపక వానికి అర్థము చెప్పజాలము. నన్ను అన్నింటికంటె లోతుగా కదిలించినది ఆపై మెట్టు: ఓమును ఫారడుతో గుణించినచో వోల్టులు కొట్టివేయబడి, ఆంపియరు కూలుంబులో లయించి, చివరకు మిగులునది సెకండు. 10,000ను 1,000 మైక్రోఫారడులతో గుణించిన 10 సెకండ్లు. ఒంటరి రెసిస్టరు ఏ గడియారమును నడపదు. ఒంటరి కెపాసిటరునందును ఆ పది సెకండ్లు ఎక్కడను దాగియుండలేదు. రెండును కలిసినంతనే వాని నడుమ ఒక కాలము పుట్టినది, విడదీసినంతనే పోయినది. ప్రతీత్యసముత్పాదమను పెద్దమాటను పుస్తకములలో ఎన్నిమారులు చదివినను తెలియనిది, ఆ ముల్లు కదలికను చూచుచు నేను తెలిసికొంటిని. మరియు స్థానములు తారుమారైనను ఆ పది సెకండ్లు మారలేదు: ఎక్కుటకు పట్టిన కాలమే దిగుటకును పట్టినది. చోటు మారిన వృత్తి మారును. జంటవలన పుట్టినది మాత్రము చోటుమారినంతమాత్రమున చెడదు.

ఇక పొరపాటు సంగతి. మొదటిసారి స్థానములు మార్చినప్పుడు ముల్లు కదలనే లేదు. తీగె తెగినదనుకొని ప్రతి ముడిని విప్పి మరల బిగించితిని; అయినను సున్నయే. తుదకు కెపాసిటరును విడిగా తీసి, దాని రెండు కాళ్లకు మీటరు తగిలించగా, దాదాపు 9 వోల్టులు! పూర్వస్థానమున ఆర్జించినదానిని తనలో నింపుకొనియే అది క్రొత్త స్థానమునకు వచ్చినది. బ్యాటరీ 9కి దాని 9 ఎదురు నిలుచుటచే రెసిస్టరునకు దక్కినది ఏమియు లేదు. ఆ కాళ్లకు రెసిస్టరును అడ్డముగా పట్టి, ఒక నిమిషముపాటు దానిని ఖాళీచేసి, మరల కూర్చినప్పుడు గాని ముల్లు ఎగిరి 9ని తాకలేదు. ఆ మిగిలియున్న వోల్టులు దాని స్వభావమా, అది విడిచివచ్చిన స్థానమా? యోగాచారులు వాసన యన్నదియు, మనవారు సంస్కారమన్నదియు ఇట్టిదేనేమో. సొరుగులో ఆ కెపాసిటరు ఇప్పటికిని ఉన్నది. తీసినప్పుడెల్ల ముందుగా దాని కాళ్లకు మీటరు తగిలించి చూచుట నాకు అలవాటైనది.