మధ్యవర్తి కూలి

ధ్యానము కొరకు చదువుము: ఆదికాండము 23వ అధ్యాయము; 2 రాజులు 5:20–27

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, అందరును వెళ్లువరకు కాచుకొనియుండి, ఒక సహోదరుడు నా యొద్దకు వచ్చెను. ఇండ్లును స్థలములును అమ్మించుట, కొనిపించుట అతని జీవనము. చేతిలోని కానుక కవరును అటు నిటు త్రిప్పుచు అతడు ఇట్లడిగెను: “అయ్యగారూ, ఇది కమీషను డబ్బండీ. ఇందులోనుంచి దశమభాగం ఇస్తే దేవుడు పుచ్చుకుంటాడా?”

ఆనాడు నేను తిన్నగా జవాబు చెప్పలేకపోతిని. ఏల చెప్పలేకపోతినో ఈ వ్యాసములోనే ఒప్పుకొందును. మొదట అతని ప్రశ్నను న్యాయముగా విచారింతము.

మన పల్లెలలో దళారి యను మాట తిట్టువలె వినబడును. నాగలి పట్టడు, బరువు మోయడు, రెండు మాటలాడి డబ్బు పుచ్చుకొనునని జనులందురు. అయితే అతడు చేయు పనిని దగ్గరనుండి చూచితిరా? కొనువానిని వెదకి తెచ్చును. ఇంటిమీద అప్పు గాని తాకట్టు గాని కలదేమో తెలిసికొనుటకు ఈ.సీ. తీయించును. పాత దస్తావేజులు ఒకదానితో ఒకటి సరిపోవునో లేదో చూపించును. హద్దులు కొలిపించును. ఊరు విడిచిపోయిన అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను సంతకములకు పిలిపించును. బయానా నాడు ఇరువురి కోపములను చల్లార్చును. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ప్రొద్దుటనుండి సాయంత్రమువరకు కూర్చుండును. ఇంత చేసినను బేరము చెడిన యెడల అతనికి టీ నీళ్లే దక్కును.

ఇట్టి శ్రమకు మన ప్రాంతములలో ఇరు పక్షములవారు నూటికి ఒకటి గాని రెండు గాని ఇచ్చుట వాడుక. ఇరువది లక్షల యింటికి నూటికొకటి చొప్పున ఒక్కొక్క పక్షమునుండి ఇరువది వేలు. పనిచేసినవానికి కూలి ముట్టవలెనని మన ప్రభువే తన శిష్యులకు బోధించెను. కాబట్టి కూలి పాపము కాదు. ఇంతవరకు సందేహము లేదు.

అబ్రాహామును జ్ఞాపకము చేసికొనుడి. శారా చనిపోయినప్పుడు ఆమెను పాతిపెట్టుటకు ఆ దేశములో అతనికి జానెడు నేల లేదు. అతడు హేతు కుమారులను బ్రతిమాలి, తన పక్షమున ఎఫ్రోనుతో మాటలాడుడని కోరెను. చూచితిరా, ఆ క్రయములోను మధ్యవర్తులుండిరి! అయితే ఆ బేరము జరిగిన చోటును గమనింపుడి. ఊరి గవినియొద్ద, అందరును వినుచుండగా, నాలుగు వందల తులముల వెండి వెల పలుకబడెను; అందరి యెదుట తూచబడెను. ఎఫ్రోను చెవిలో ఒక మాట, అబ్రాహాము చెవిలో వేరొక మాట లేదు. యిర్మీయా అనాతోతులోని పొలమును పదియేడు తులములకు కొన్నప్పుడును అంతే. సాక్షులు, సంతకము, ముద్ర, తూచిన వెండి, సమస్తమును వెలుగులో జరిగెను.

మరి పాపమెక్కడ ప్రవేశించును? చీకటిలో ప్రవేశించును. అమ్మువానితో, “పన్నెండు లక్షలకు మించి రాదు” అని చెప్పి, కొనువానితో, “పదమూడుకు తగ్గడు” అని చెప్పి, నడుమనున్న లక్షను సంచిలో వేసికొనుట యున్నది. ఆపైన ఇరువురి యొద్దను మరల కమీషను అడుగుట యున్నది. ఇది కూలి కాదు, దొంగతనము. లోక చట్టము సహితము దీనిని ఓర్వదు. యజమానికి తెలియకుండ ఏజెంటు ఆ వ్యవహారమును తన స్వంత లాభమునకు త్రిప్పుకొనిన యెడల, ఆ లాభమును యజమాని అడుగవచ్చునని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 216వ సెక్షనులో చెప్పుచున్నది. దుష్ప్రవర్తనతో చేసిన పనికి ఏజెంటు ప్రతిఫలమునకు అర్హుడు కాడని 220వ సెక్షను చెప్పుచున్నది. 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేటు చట్టము ప్రకారము, ఆ చట్టము క్రింద రిజిస్టరైన ప్రాజెక్టులలో ప్లాట్లు గాని ఫ్లాట్లు గాని అమ్మించు ఏజెంటు తానును రిజిస్టరు కావలెను. మన వీధిలో పాత పెంకుటిల్లు చేతులు మారునప్పుడు అట్టి రిజిస్ట్రేషను అడుగువాడు లేడు. అక్కడ మనస్సాక్షియే కావలివాడు.

ఇంకొక సంగతి కలదు, ఇది సూక్ష్మమైనది. ఏ అబద్ధమును ఆడని దళారి హృదయము సహితము ఒక ప్రక్కకు ఒరగవచ్చును. అతడు మరియొక నెల తిరిగి, అమ్మువానికి యాబది వేలు ఎక్కువ తెచ్చెననుకొనుడి. నూటికొకటి చొప్పున అమ్మువాని వైపునుండి అతనికి అదనముగా దక్కునది ఐదు వందలే. కావున, “ఇచ్చెయ్యండి, మళ్లీ ఇంత రాదు” అని తొందరపెట్టుట అతనికి సుళువు. ఆ సలహా అమ్మువాని మేలు కొరకా, తన పని త్వరగా ముగియుట కొరకా? మనుష్యులు కనుగొనలేరు. దేవుడు ఎరుగును.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు తన యిల్లు అమ్మదలచెను. ఆమె తొమ్మిది లక్షలు కోరెను. కొనవచ్చిన పెద్దమనిషి ఎనిమిది అనెను. అతడు నా యొద్దకు వచ్చి, “ఆమె మీ మాట వింటుంది. ఒక మాట చెప్పండి అయ్యగారూ, మీ శ్రమ ఊరికే ఉంచుకోను” అనెను. నేను నవ్వి ఊరకుంటిని, కాదనలేదు. ఆ సాయంత్రమే ఆమె అరుగుమీద కూర్చుండి, “అమ్మా, ఎనిమిదికి ఇచ్చెయ్యండి. ఆలస్యం చేస్తే ఈ బేరం కూడా పోతుంది” అని చెప్పితిని. ఆమె, “మీరు చెప్పాక ఇంకేముందండీ” అనెను. రిజిస్ట్రేషను నాడు ఆ పెద్దమనిషి నా చేతిలో ఒక కవరు పెట్టెను. పది వేలు. మందిరపు కప్పు కురియుచుండెను గనుక, దేవుని పనికే గదా యని నాకు నేను చెప్పుకొని, కప్పుకు ఖర్చు పెట్టితిని. ఆమెతో మాత్రము చెప్పలేదు.

కొంతకాలమునకు గేహజీనిగూర్చి ప్రసంగము సిద్ధపరచుచుంటిని. నయమాను ఇయ్యవచ్చినదానిని ఎలీషా ముట్టలేదు. సేవకుడైన గేహజీ వెనుకనుండి పరుగెత్తి, యజమానుని పేరు చెప్పి, వెండియు వస్త్రములును పుచ్చుకొని, ఇంట దాచి, ఏమియు ఎరుగనివానివలె వచ్చి నిలువబడెను. ఎక్కడనుండి వచ్చుచున్నావని ప్రవక్త అడిగినప్పుడు, ఎక్కడికిని పోలేదనెను. అక్కడ నా కలము ఆగిపోయెను. గేహజీ ఎలీషా పేరు వాడుకొనెను. నేను మందిరపు కప్పు పేరు వాడుకొంటిని. దాచుటలో మా ఇరువురికి భేదమేమి?

మరునాడు పది వేలు సమకూర్చుకొని ఆమె అద్దెకున్న గదికి వెళ్లి, జరిగినదంతయు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “డబ్బు సంగతి కాదండీ అయ్యగారూ. ఆ రోజు మీరు ఎవరి తరఫున వచ్చారో తెలిస్తే, నేను ఇంకో నలుగుర్ని అడిగి ఉండేదాన్ని” అనెను. డబ్బు లెక్కపెట్టి కొంగున ముడివేసికొని, నాకు మజ్జిగ ఇచ్చెను. సంఘపెద్దల యెదుటను ఒప్పుకొంటిని. అయితే ఆ కొనువాడు తొమ్మిది ఇచ్చియుండునో లేదో నేటికిని నాకు తెలియదు. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననెను. నేనామెయొద్దనుండి తీసికొనినది ఎంతయో లెక్క కట్టుటయే నాకు సాధ్యము కాలేదు. ప్రియ చదువరీ, ఆ సహోదరుని ప్రశ్నకు ఆ ఆదివారము నా నోరు మెదలకపోవుటకు కారణమిదే.

ఇక దళారిని నిందించువారితోను ఒక మాట. అతడు చూపిన యింటినే, అతడు తెచ్చిన మనుష్యునికే, అతని వెనుకనుండి మాటలాడుకొని అమ్మి, “ఆ బేరం కుదరలేదు” అని అతనితో చెప్పువారు మన సంఘములలో లేరా? రిజిస్ట్రేషను ముగియగానే ఫోను ఎత్తనివారు లేరా? బిగపట్టిన కూలి దేవుని చెవులకు మొఱ్ఱపెట్టునని యాకోబు భక్తుడు వ్రాసెను. ఆయన కోతవారినిగూర్చి వ్రాసినను, మాటతో పనిచేసినవాని కూలియు కూలియే.

కాబట్టి మూడు సంగతులు మనసున నుంచుకొందము. మొదటిది, కమీషను ఎంతయో, ఎవరు ఇచ్చెదరో, బయానాకు ముందే మాటలాడుకొని కాగితముమీద వ్రాసికొనుడి. రెండవది, ఇరు పక్షములయొద్దను పుచ్చుకొనువాడు ఆ మాటను ఇరు పక్షములకును చెప్పవలెను. చెప్పలేని యెడల ఒక పక్షమునే ఉండవలెను. మూడవది, వేరొకరి యింటినిగూర్చి సలహా చెప్పువాడు, పాదిరియే యైనను, సంఘపెద్దయే యైనను, బంధువే యైనను, అందులో తనకేమి దక్కునో ముందుగా చెప్పవలెను. ఏమియు దక్కని యెడల ఆ సంగతియు చెప్పవలెను.

ఆ సహోదరునికి నేనిప్పుడు ఇట్లు చెప్పుచున్నాను: తమ్ముడా, ఆ కవరులోని మొత్తమును ఇల్లు అమ్మినవాని యెదుటను కొన్నవాని యెదుటను బిగ్గరగా చెప్పగలవా? చెప్పగలిగిన యెడల నీ దశమభాగమును సంతోషముగా తెమ్ము. చెప్పలేని యెడల, బలిపీఠమునొద్ద అర్పణను విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మార్గమున వెళ్లుము. కానుకపెట్టె నీ కొరకు కాచుకొనియుండును.

దేవునికిని మనకును మధ్య నిలిచిన మధ్యవర్తి యొకడున్నాడు. ఆయన మన యొద్ద ఏ కమీషను అడుగలేదు. మన వెలను తానే చెల్లించెను. ఆయన యొద్ద దాచిన లెక్క లేదు. ఆయన పేరు ధరించిన మనము బేరములాడు చోట మన మాటయు అట్లే వెలుగులో నుండును గాక.

ప్రార్థన: ప్రభువా, మా చేతికి వచ్చునది నీకు తెలియును. ఎవని పక్షమున మాటలాడుచున్నామో మరువనియ్యకుము. దాచినదానిని ఒప్పుకొనుటకు ధైర్యమిమ్ము. ఆమేన్.