చెయ్యి ఆపుకోవడం

ఏం జరిగిందో తెలియనప్పుడు ఏదో ఒకటి చెయ్యడం ధర్మమా, ఆగి చూడడం ధర్మమా? మా వృత్తిలో ఈ ప్రశ్న తరచు అర్ధరాత్రి ఎదురవుతుంది.

లినక్స్ సర్వర్‌లో కెర్నెల్ అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేస్తారు. నాలుగు డిస్కులు కలిసి నడిచే రెయిడ్ లేవదు. "డేటా అంతా పోయిందా?" అంటూ ఫోన్లో ఒక గొంతు వణుకుతుంది. చాలాసార్లు ఏమీ పోయి ఉండదు. బూటింగ్ మొదట్లో లోడయ్యే ఇమేజ్‌లో రెయిడ్ మాడ్యూల్ చేరి ఉండదు. లేదా నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీబీ అయి ఉంటుంది. ఆ పేర్లు కెర్నెల్ డిస్కులను చూసిన వరుసను బట్టి వచ్చేవి. తనది ఏ రెయిడ్, అందులో తన స్థానం ఎన్నోది అన్న అసలు గుర్తు డిస్కు మీదే, సూపర్‌బ్లాక్‌లో రాసి ఉంటుంది.

ఎమ్‌డీఏడీఎమ్ ప్రోగ్రాంలో 'ఎసెంబుల్' ఆ రాతను చదివి డిస్కులను కలుపుతుంది. 'క్రియేట్' ఆ రాత మీదే కొత్తది రాస్తుంది. డిస్కుల వరుస తప్పిందంటే, తర్వాత నడిచే రీసింక్ అప్పటిదాకా బతికున్న డేటాను నిజంగానే చెరిపేస్తుంది. ఆ ఆదేశం ఇచ్చేవాడు దుర్మార్గుడు కాదు. అవతలి మనిషి కంగారు చూడలేని మంచివాడే.

1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ గురించి రాసిన వ్యాసం డిస్కు చావును ముందే లెక్కలోకి తీసుకుంది. మనిషి జాలిలోని తొందరను మాత్రం ఏ పారిటీ లెక్కా ఆపలేదు.

అలాగని ఆగడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడొచ్చు, సూపర్‌బ్లాకులు చదవొచ్చు, డిస్కులకు నకళ్లు తీయొచ్చు. ఇవేవీ ఉన్నదాన్ని చెడగొట్టవు. వెనక్కి తీసుకోలేని పని చెయ్యాలంటే మాత్రం మంచి మనసొక్కటే చాలదు, తెలిసి ఉండాలి. సొత్తు మనది కానప్పుడు మరీను.

"ఇంకా తెలియదండీ, ఒక గంట ఆగండి" అని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ రాత్రికి చెయ్యగల మేలు ఒక్కోసారి అదే.