తెల్లకాగితం సాక్ష్యం

మా ఎర్రగుంట్లలో సిమెంటు కార్మికుడికైనా, నాపరాళ్ళు కోసే కూలీకైనా జబ్బుచేస్తే రక్తం తీసి పరీక్షించేది లాబొరేటరీ టెక్నీషియను. ఆ సూది ఆమె వేలికే గుచ్చుకుంటే? ఇటువంటి ప్రమాదాలలో అనేకం ఏ దేశంలోనూ నమోదు కావు. ప్రమాదాల పుస్తకం తెల్లగా వుంటుంది. ఆ తెల్లదనాన్నే యాజమాన్యాలు భద్రతకు సాక్ష్యంగా చూపుతాయి.

నిజం చెప్పే ధైర్యం ఆమెకు లేదంటారు నీతివాదులు. హరిశ్చంద్రుణ్ణి ఆదర్శంగా చూపుతారు. ఈ వాదాన్ని నేను అంగీకరించను. సత్యానికి వెల వున్నది. ఆ వెల ఎవరు చెల్లిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. హరిశ్చంద్రుడి మాట నిలిచింది. అందుకోసం చంద్రమతీ, లోహితాస్యుడూ కూడా అమ్ముడుపోయారు. కాంట్రాక్టు ఉద్యోగిని నోరు విప్పితే దక్కేవి అజాగ్రత్త అన్న నింద, పని పోతుందన్న భయం, ఊళ్ళో పుకారు.

మౌనానికీ వెల వున్నది. రోగి రక్తంలో హెచ్‌.ఐ.వి. వుంటే, సూదిపోటు వల్ల అది సోకే అవకాశం 1000లో సుమారు 3. హెపటైటిస్‌ బి అయితే, టీకా లేనివారికి 100లో 6 నుంచి 30 దాకా. హెచ్‌.ఐ.వి. సోకకుండా వాడే మందు 72 గంటలలోపు, వీలైతే రెండు గంటలలోనే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గడువు దాటాక చెప్పిన నిజం దస్త్రానికి పనికివస్తుందేమోగాని ప్రాణానికి పనికిరాదు.

చట్టం ఈ బాధ్యతను సంస్థపైనే పెట్టింది. వైద్య వ్యర్థాలను ముట్టే సిబ్బందికి టీకాలు వేయించాలనీ, ప్రమాదాలను నమోదు చేయాలనీ 2016 నిబంధనలు చెబుతున్నాయి. రక్షణ సాధనాలూ, శిక్షణా, ఆ మందూ సంస్థే ఇవ్వాలని 2017 హెచ్‌.ఐ.వి. చట్టం శాసించింది. అయినా విచారణ వేలి దగ్గరే ఆగిపోతుంది. వాడిన సూదులు వేసే గట్టి డబ్బా బల్ల దగ్గర వున్నదా? ఇద్దరి పని ఒక్కరు చేస్తున్నారా? ఈ ప్రశ్నలు వేస్తే తప్పు వేలినుంచి యాజమాన్యం బల్లమీదికి నడుస్తుంది. అందుకే అవి వేయరు.

అయితే కార్మికురాలికి బాధ్యతే లేదా? వున్నది. ఈ రోజు దాచిన సూదిపోటు రేపు చెత్త ఎత్తే మనిషికి తగులుతుంది. కాని ఆ బాధ్యతను ఒంటరి గుండెమీద మోపడం నీతి కాదు. చెప్పినవారిని శిక్షించరాదన్న హామీని సంఘటితంగా సాధించినప్పుడే నిజం పేదవాడికి అందుబాటులోకి వస్తుంది.

కనుక తెల్లపుస్తకం కనిపించినచోట, ప్రమాదాలు జరగలేదా అని అడిగి వూరుకోకూడదు. ఇంతకుముందు చెప్పినవారిని ఏం చేశారని అడగాలి.