శిథిలాల ముందు ఏమనుకోవాలి?

కాట్రేనికోన నుండి ఒక సోదరుడు ఒక సందేహం అడిగారు. బక్రీద్ సెలవుల్లో భార్యాపిల్లలతో బందరు కోట చూసి రావాలనుకుంటున్నారట. ఫజర్ నమాజు కాగానే 216వ నంబరు జాతీయ రహదారి మీద బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. అయితే పాడుబడిన కట్టడాలను సరదా కోసం చూడడం ధర్మసమ్మతమేనా? ఇదీ ఆయన ప్రశ్న. చివర్లో మరో మాట కూడా చెప్పారు. 1864 ఉప్పెన ఆ కోటను దెబ్బతీసిందని చెప్పగానే పదేళ్ళ కొడుకు ఇలా అడిగాడట: "అబ్బా, ఆద్ జాతి వాళ్ళు కూడా గాలికే పోయారు కదా! 96 తుఫానులో నానీ గోడ కింద పడి చనిపోయింది. అల్లాహ్‌కు నానీ మీద కోపం వచ్చిందా?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. భూమిపై సంచరించి పూర్వ జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల పురికొల్పుతోంది (అన్ఆమ్ 6:11, రూమ్ 30:9). ఇంటివారికి కూడా మనపై హక్కు ఉందని హజ్రత్ సల్మాన్ (ర) హజ్రత్ అబూ దర్దా (ర)కు చెప్పగా, దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. కనుక పిల్లల్ని తీసుకెళ్ళండి, సంతోషపెట్టండి.

రెండవదే అసలు ప్రశ్న.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్‌కు వెళ్తూ దైవప్రవక్త (స) సమూద్ జాతి నివసించిన హిజ్ర్ మీదుగా సాగారు. అక్కడికి ఏడుస్తూ తప్ప వెళ్ళవద్దని సహాబాలను హెచ్చరించి, తల కప్పుకుని, ఆ లోయను వేగంగా దాటారు. ఈ హదీసు విన్నవారిలో కొందరు ప్రతి మొండిగోడనూ దైవాగ్రహానికి గుర్తుగా చూపిస్తారు. ఇది తొందరపాటు. సమూద్ జాతిపై శిక్ష పడిందని మనకు తెలిపింది దైవవాణి. బందరు గురించి గానీ, కోనసీమ గురించి గానీ అలాంటి వాణి ఏదీ రాలేదు. రానిదాన్ని మన నోటితో ఎలా పలుకుతాం?

బందరు సంగతే చూడండి. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ఈ రేవు నుండి ఎర్ర సముద్రానికి ఓడలు వెళ్ళేవి, వాటిలో హజ్ యాత్రికులూ ఉండేవారు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తకానికి వచ్చారు. 1750లో ఫ్రెంచివారి చేతికి చిక్కిన కోటను 1759లో ఆంగ్లేయులు పట్టుకున్నారు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. వారిలో తుపాకులు పట్టినవారెందరు, వలలు అల్లుకునేవారెందరు, పాలు తాగే పసిపిల్లలెందరు? అందరినీ ఒకే గాటన కట్టి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. 'ఒకప్పుడు ఇదంతా మనవాళ్ళదే' అని ఛాతీ విరుచుకునే వారిదీ అదే పొరపాటు. గతించిన వారి సంపాదన వారిది, మన సంపాదన మనది, వారి కర్మల గురించి మనల్ని ప్రశ్నించడం జరగదని బఖరా సూరా (2:134) తెలియజేస్తోంది.

1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కూలిన కట్టడం కింద మరణించిన విశ్వాసిని, నీట మునిగి మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదులలో లెక్కించారు. (వీరికి గుస్ల్, కఫన్, జనాజా నమాజు మామూలుగానే ఉంటాయి. ఆ హోదా పరలోకానికి సంబంధించినది.) కాబట్టి అబ్బాయికి నిస్సంకోచంగా చెప్పండి: నానీ విషయంలో మనకున్నది ఆశ, భయం కాదు. అదే రాత్రి పోయిన హిందూ ఇరుగుపొరుగు వారి లెక్క వారిని పుట్టించిన ప్రభువు దగ్గర ఉంది. చావు జరిగిన ఇంటి గుమ్మంలో నిలబడి 'పాపాలకు శిక్ష' అనడం ఏ ధర్మమూ కాదు.

మరి ఆద్ జాతి కథ దేనికి? ఆకాశంలో మబ్బు కమ్మితే దైవప్రవక్త (స) ముఖం రంగు మారేదనీ, లోపలికీ బయటికీ తిరిగేవారనీ, వాన కురిశాకే ఊరట చెందేవారనీ హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఆద్ వారు కూడా మబ్బును చూసి వాన అనుకున్నారన్నది ఆయన ఆందోళన. అంతటి మహనీయుడు ఆ కథను తమ ఎదుట ఉన్న మబ్బుకు అన్వయించుకుని భయపడ్డారు. మనమేమో దాన్ని పక్కింటివాడి చావుకు అన్వయిస్తున్నాం!

కోటలో ఆయుధాగారం మొండిగోడల మీద పేర్లు చెక్కనివ్వకండి. ఇటుక ముక్కైనా జ్ఞాపకంగా తెచ్చుకోవద్దు, అది మనది కాదు. ఊళ్ళోని డచ్చివారి సమాధుల తోటకు వెళ్తే సమాధుల మీద కూర్చుని ఫొటోలు దిగకండి. ఇక దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది కనుక మీ ఊరి పొలిమేర దాటాక మీరు ముసాఫిర్లు. అక్కడ జొహర్, అసర్ ఫర్జ్‌లు విడిగా చదివితే రెండేసి రకాతులు, స్థానిక ఇమాము వెనుక చదివితే నాలుగేసి పూర్తి చేయాలి.