పొయ్యి వెలుగని ఇంటి వంతు

వాక్యభాగములు: నెహెమ్యా 8:9-12, యోహాను 6:12

ఎజ్రా ధర్మశాస్త్రమును చదువగా విని యెరూషలేములోని జనులందరు ఏడ్చిరి. అప్పుడు వారికి వచ్చిన ఆజ్ఞ ఉపవాసమును గూర్చినది కాదు. ఇంటికి వెళ్లి మంచి భోజనము చేయవలెను, తీపి పానీయము త్రాగవలెను, ఏమియు సిద్ధపరచుకొనలేని వారికి అందులో వంతు పంపవలెను అని వారికి చెప్పబడెను. ఈ మూడును ఒకే ఆజ్ఞలోని మాటలు. అనేకులు మొదటి రెంటిని జ్ఞాపకముంచుకొని మూడవదానిని మరచుదురు. కొందరు భక్తిపరులు తీపి అనగానే సందేహపడి మొదటి రెంటిని కూడ విడిచిపెట్టుదురు.

కోల్‌కతా నగరమునకు తీపిని గూర్చి సందేహము లేదు. అక్కడివారు క్రిస్మస్‌ను పెద్ద దినమని పిలుతురు. 1902లో ఒక యూదుడు ఆరంభించిన రొట్టెల దుకాణము న్యూ మార్కెట్టులో నేటికిని ఉన్నది. క్రీస్తు జన్మదినపు కేకుల కొరకు క్రైస్తవులును ఇతరులును ఆ యూదుని పేరుగల దుకాణము ఎదుట బారులు తీరుదురు. అయితే దుకాణపు కేకు అందరికి అందునది కాదు. అనేక గృహములలో పండుగ వంటయింటిలోనే తయారగును. బియ్యపుపిండిని పలుచగా అట్టుపోసి, లోపల కొబ్బరియు బెల్లమును పెట్టి చుట్టుదురు. చలికాలమున ఈతచెట్టు తీపి రసమును తెల్లవారకమునుపే దింపి కాచిన క్రొత్త బెల్లము చేతికందిన యెడల ఆ ఇంటి సువాసన వీధి చివరివరకు వచ్చును.

అక్కడి మిఠాయిలలో ముఖ్యమైనది పాలవిరుగుడుతో చేసినది. ఆంధ్రదేశపు గృహిణి పాలు విరిగినప్పుడు నిట్టూర్చును. బెంగాలీ గృహిణి తానే పాలను విరుగగొట్టును. విరుగుడును గుడ్డలో వడకట్టి, అరచేతితో మెత్తగా మెదిపి, బెల్లముతో సన్నని సెగమీద దగ్గరకు వచ్చువరకు కలియబెట్టిన యెడల సందేశ్ అగును. క్రింద మిగిలిన తేటను పారబోయరు. దానిని పులియనిచ్చి మరునాటి పాలను విరుచుటకు వాడుదురు, లేదా చపాతీపిండి తడుపుదురు. నిన్నటి శేషము నేటి పనికి ఆరంభమగుచున్నది.

అయిదు రొట్టెలతో వేలమందిని తృప్తిపరచిన ప్రభువు మిగిలిన ముక్కలను ఏరుమని శిష్యులకు ఆజ్ఞాపించెను. లేమి చేత ఆయన ఆలాగు చెప్పలేదు. మరల రొట్టెలు కలుగజేయగల చేతులు ఆయనవే. దేవుడిచ్చినది గనుక ముక్కయు గౌరవించదగినదే. పండ్రెండు గంపలు నిండెను. ఆ గంపలు ఎవరి ఇంటికి చేరెనో యోహాను వ్రాయలేదు.

పొదుపునకు మరియొక ముఖమున్నది. బేతనియలో మరియ విలువైన అత్తరు పోసినప్పుడు దానిని అమ్మి బీదలకు ఇయ్యవలసినదని లెక్క చెప్పినవాడు యూదా. మూడు వందల దేనారములను లెక్క సరియైనదే. సంచి మాత్రము వాని చేతిలోనుండెను, వాడు దొంగయైయుండెను. ముక్కలు ఏరుమన్న ప్రభువే ఆ దినమున మరియ పక్షముగా మాటలాడెను. డబ్బాలో చక్కెర ఎన్ని చెంచాలున్నదో ఎరిగిన గృహిణి, ఆ లెక్క ఎవరి కొరకని అడుగుకొనవలసిన సమయములు వచ్చును. అతిథి వచ్చినప్పుడు డబ్బామూత బిగియునేని, అది పొదుపు కాదు.

1965లో పశ్చిమ బెంగాలులో పాలకు కరవు కలిగెను. ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వము పాలవిరుగుడుతో మిఠాయిలు చేయుటను నిషేధించెను. పాలు శిశువులకును తల్లులకును రోగులకును అందవలెనను ఉద్దేశము మంచిదే. అయినను కలకత్తా ప్రజలు దానిని ఓర్వలేకపోయిరి. ఆహార కొరత మరింత ముదిరెను. 1967 ఎన్నికలలో సేన్ తన స్థానమునే పోగొట్టుకొనెను. మిఠాయి కొరకు ఇంత కోపమా అని నవ్వుట సులభము. బిడ్డ కొరకు తల్లి తన వంతును తానే మానుకొనుట వేరు. ఆమె చేతినుండి దానిని తీసివేయుట వేరు. నెహెమ్యా ఆజ్ఞ వంతు లాగుకొనుమనలేదు, పంపుమనెను.

ఆలాగున మనఃపూర్వకముగా పంపినవారు ఆ నగరమునకు కొంచెము ఉత్తరముగా, హుగ్లీ తీరమునగల శ్రీరాంపూరులో ఉండిరి. 1800 మొదలు కేరీ, మార్ష్‌మన్, వార్డు కుటుంబములు ఒక్క బల్లయొద్ద భుజించుచు, సంపాదనను ఉమ్మడిగా నుంచిరి. హన్నా మార్ష్‌మన్ నడపిన బాలికల పాఠశాల ఆదాయమును, 1801లో ఫోర్టు విలియం కళాశాలలో కేరీకి నెలకు నిర్ణయించిన 500 రూపాయలలో అధిక భాగమును సువార్తపనికి వెళ్లెను. ఆ ఇంటి పళ్లెములలో తగ్గిన ప్రతి పదార్థము అచ్చుకాగితముగా మారెనని చెప్పవచ్చును.

1812 మార్చి 11 రాత్రి వారి ముద్రణాలయము తగులబడెను. కాగితములును అనేక సంవత్సరముల వ్రాతప్రతులును బూడిదయయ్యెను. అక్షరముల సీసము కరగి గడ్డలుగా పడెను. వారు ఆ బూడిదను ఊరక ఊడ్చి పారవేయలేదు. దానిలో వెదకగా అక్షరములు పోయుటకైన ఉక్కు అచ్చులు చెడక దొరికెను. సీసపు గడ్డలను ఏరి కరగించి మరల పోత పోసిరి. అటుతరువాత 1814లో కేరీ తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అచ్చటనే అచ్చుపడెను.

ఈ డిసెంబరులోను కోల్‌కతాలో ఒక గృహిణి విరుగుడును గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీయును. తేట చుక్కలు చుక్కలుగా క్రింది గిన్నెలో పడును. తెల్లవారిన తరువాత రెండు పళ్లెములు సర్దును. ఒకటి బల్లమీద నుండును. రెండవదానిమీద శుభ్రమైన గుడ్డ కప్పి, ఈ సంవత్సరము పొయ్యిమీద ఏమియు ఎక్కని ఇంటి గుమ్మమునకు పిల్లవాని చేత పంపును. పళ్లెము తిరిగి తేవలెనని మాత్రము వానికి చెప్పదు.