వస్త్రహీనులకు వస్త్రమంటే?

జగ్గయ్యపేట దగ్గర కృష్ణ ఒడ్డునున్న ముక్త్యాలలో ఒక వృద్ధురాలు ఆదివారం పూజకు రావడం మానేసింది. జబ్బు చేసిందేమోనని చూడబోయాను. "నడవగలను నాయనా. రవిక హుక్కులే పెట్టుకోలేకపోతున్నాను. కోడలు తెల్లారకుండానే మిరపకోతకు పోవాలి. దాన్ని ఎన్నిసార్లని పిలవను?" అంది. ఏళ్ళ తరబడి పత్తి తీసి, మిరపకాయలు కోసి బిగుసుకుపోయిన వేళ్ళవి.

ప్రియ పాఠకులారా, వస్త్రహీనులకు వస్త్రమీయడం దయాకార్యమని మత్తయి సువార్త 25వ అధ్యాయం మనకు నేర్పింది. పండుగకు చీరలు పంచుతాం. ఈమె పెట్టెలో చీరలకు కొదువ లేదు. ఉన్నవాటిని ధరించలేకపోవడమే ఆమె లేమి. దీనిని మనం ఏ లెక్కలో వేస్తున్నాం?

కోడలు మంచి మనసుతోనే నైటీ కొనితెచ్చింది. "దాంతో నలుగురిలోకి ఎలా వచ్చేది?" అని అత్తగారు ముట్టుకోలేదు. ఇది పంతమా? గర్వమా? కాదు. పెళ్ళినాటి నుండి చీరకట్టుతోనే ఊరివారికి తెలిసిన మనిషి ఆమె. ఒళ్ళు కప్పితే చాలదు, మనిషిని మనిషిగా నిలపాలి.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. వెనుకటి తరంవారు హుక్కులు లేని ముడి రవికలు తొడుక్కునేవారు. ఇప్పుడు వెల్క్రో పట్టీ ఉంది. స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలను చూసి దీనిని ఊహించాడు. ఉత్తరేణి గింజలు చీర అంచును పట్టుకున్నట్టే ఇదీ పట్టుకుంటుంది. హుక్కుల చోట చిన్న ముక్కలుగా కుట్టిస్తే బయటికి మామూలు రవికే. గరుకు వైపు ఒంటికి తగలకూడదు, ఉతికే ముందు మూసివేయాలి. పావడాకు బొందు బదులు ఎలాస్టిక్ వేయించవచ్చు. పక్షవాతం వచ్చినవారికి ముందుగా పడిపోయిన చేయి తొడగాలి, విప్పేటప్పుడు దానిని ఆఖరున తీయాలి.

అయితే ఒకరి సహాయం తీసుకోవడం అవమానమా? వయసులో తానే నడుము కట్టుకున్న పేతురు ముసలితనంలో చేతులు చాపితే వేరొకరు కడతారని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఉంది. అది ఆయన మరణాన్ని గురించిన మాటే అయినా, ముసలితనమంటే ఏమిటో కూడా చెబుతున్నది. ఆ రోజు మనందరికీ వస్తుంది. సిలువమార్గం పదవ స్థలంలో ప్రభువు వస్త్రాలను కూడా ఇతరుల చేతులే తీశాయి. అక్కడ ఆయన ఇష్టాన్ని అడిగినవారు లేరు. ప్రేమతో తాకే చేయి అడుగుతుంది, అవమానించే చేయి అడగదు. తేడా అంతా అక్కడే ఉంది.

కోడలే అత్తగారిని అడిగి, రెండు రవికలు దర్జీ చేత మార్పించింది. ఇప్పుడు ఆమె పూజకు వస్తున్నది. కుచ్చిళ్ళు సర్దడానికి ఇంకా కోడల్ని పిలుస్తుంది. అయితే నొచ్చుకుంటూ కాదు, పేరు పెట్టి, గట్టిగా!

ఈ వారం మీ ఇంటి పెద్దావిడను మీరూ అడగండి: "ఏ హుక్కు కష్టంగా ఉందమ్మా?"